గోదావరి ఎండకు సన్‌స్క్రీన్ ఎలా ఎంచుకోవాలి, ఎలా రాసుకోవాలి?

ఎండ అనగానే మన డెల్టాలో అందరికీ రోహిణి కార్తె గుర్తొస్తుంది. రోళ్లు పగిలే ఆ ఎండకు భయపడి తలుపులు వేసుకుని కూర్చుంటాం, బయటికి వెళ్లక తప్పకపోతే తలగుడ్డ చుట్టుకుంటాం. కాని చర్మాన్ని చెరిచేది ఎండలోని వేడి ఒక్కటే కాదు. కంటికి కనపడని, ఒంటికి వేడిగా తగలని అతినీలలోహిత కిరణాలు అంతకంటే ఎక్కువ పని చేస్తాయి. అమలాపురం, భీమవరం, నర్సాపురం వంటి ఊళ్లు సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి, మిట్టమధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. రెండోసారి వచ్చేది సార్వా ఊడ్పుల రోజుల్లో. అప్పుడు పలుచగా మబ్బు పట్టి ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, ఎవరూ ఎండ గురించి ఆలోచించరు. పలుచని మబ్బు గుండా ఈ కిరణాల్లో ఎక్కువ భాగం కిందికి దిగుతూనే ఉంటుంది కనుక ఊడ్పులు ముగిసేసరికి మెడ వెనుక, ముంజేతుల మీద చర్మం కమిలిపోయి ఉండడంలో వింతేమీ లేదు.

అందువల్ల సన్‌స్క్రీన్ కొనే ముందు చేయవలసిన మొదటి పని, మీకు అది ఎప్పుడు అవసరమో తెలుసుకోవడం.

నీడను చూసి నిర్ణయించుకోండి

ఆరుబయట నిలబడి మీ నీడను చూసుకోండి. అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ వేళ కిరణాలు బలంగా ఉన్నట్టు. పొడవుగా ఉంటే బలం తగ్గినట్టు. దీనికి యంత్రం అక్కరలేదు, ఫోను అక్కరలేదు. మనకు మరొక సౌకర్యం కూడా ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా వెళుతుంది కాబట్టి మన గడియారంలో పన్నెండు కొట్టేసరికి సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు (అహ్మదాబాదు వాళ్లు అందుకోసం మరో నలభై నిమిషాలు ఆగాలి). ఆ పన్నెండుకు ముందు రెండు మూడు గంటలు, తరువాత రెండు మూడు గంటలు జాగ్రత్త పడవలసిన వేళ.

రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవారు నీటి మీద పడి తిరిగొచ్చే ఎండే తమను నల్లబరుస్తోందని అంటూ ఉంటారు. నిజానికి నీరు తిప్పికొట్టే అతినీలలోహిత కిరణాలు పదింట ఒక వంతు కూడా ఉండవు. అంతర్వేది, పేరుపాలెం తీరాల్లోని పొడి ఇసుక అంతకంటే ఎక్కువ, దాదాపు 15 శాతం, తిప్పికొడుతుంది. చెరువు గట్టు మీద అసలు కష్టం నెత్తిన నీడ లేకపోవడమే. నీళ్లలో దిగితే ఎండ తగలదనుకోవడం కూడా పొరపాటే. అర మీటరు లోతులో సైతం ఈ కిరణాల బలం పైన ఉన్నదానిలో సుమారు 40 శాతం ఉంటుంది.

ఎండ చర్మాన్ని ఏం చేస్తుందో తెలుసుకోండి

మనకు చేరే ఈ అతినీలలోహిత (యూవీ) కిరణాలు రెండు రకాలు. యూవీ-బి (280 నుంచి 320 నానోమీటర్లు) చర్మం పై పొరలో ఆగిపోయి అక్కడి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. చర్మం కమలడానికి ముఖ్యమైన కారణం ఇదే. యూవీ-ఎ (320 నుంచి 400 నానోమీటర్లు) ఇంకా లోపలికి వెళ్లి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను మెల్లమెల్లగా తెగగొడుతుంది, మచ్చలను ముదురు చేస్తుంది. మామూలు కిటికీ అద్దం యూవీ-బిని చాలావరకు ఆపుతుంది గాని యూవీ-ఎను సరిగా ఆపలేదు. కారు కిటికీ పక్కన రోజూ కూర్చునేవారు అద్దం ఎత్తి ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. పల్లెవెలుగు బస్సులో ప్రయాణించేవారికి ఈ సందేహం రాదు, అక్కడ అద్దం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపు కాస్తుంది కనుక తెల్లని చర్మం వారితో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ అరుదు. అయినా మంగు మచ్చలు, మొటిమలు తగ్గాక మిగిలే నల్ల మరకలు, మెడ మీద ముదురు చారలు, తొందరగా పడే ముడతలు మనకు సర్వసాధారణం, వీటన్నిటినీ ఎండ పెంచుతుంది. సన్‌స్క్రీన్ వల్ల ఒరిగేదేమిటో పరీక్షించినవారు ఉన్నారు. ఆస్ట్రేలియాలోని నాంబౌర్ పట్టణంలో 1992లో మొదలుపెట్టి నాలుగున్నర ఏళ్లపాటు పదహారు వందల మందికి పైగా పెద్దలను పరిశీలించగా, రోజూ రాసుకున్న బృందంలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ గడ్డలు దాదాపు 40 శాతం తక్కువగా, చర్మం వయసు మీరే లక్షణాలు 24 శాతం తక్కువగా కనిపించాయి. ఆ పరిశీలనలో ఎక్కువమంది తెల్లని చర్మం వారు కనుక క్యాన్సర్ లెక్కను మనకు యథాతథంగా అన్వయించుకోలేం. వయసు మీరడం, మచ్చల సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. సన్‌స్క్రీన్ తెల్లబరిచే మందు కాదు. ఉన్న రంగును ఎండ మరింత ముదురు చేయకుండా, మచ్చలు పెరగకుండా చూడడమే దాని పని. తెల్లబడతారని చెప్పి అమ్మే, పేరూ ఊరూ లేని క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. అవి మొదట్లో మెరుపు తెచ్చి, తరువాత చర్మాన్ని పలుచన చేసి, ఎండ తగిలితే మండే స్థితికి తెస్తాయి. అలాంటిది వాడుతూ పైన సన్‌స్క్రీన్ రాసుకోవడం గండి పూడ్చకుండా గట్టుకు సున్నం వేసినట్టే.

డబ్బా మీద ఏం చదవాలి?

అందరూ మొదట చూసేది ఎస్‌పీఎఫ్ (సన్ ప్రొటెక్షన్ ఫ్యాక్టర్) అంకె. అది యూవీ-బి గురించి మాత్రమే చెబుతుంది. పరీక్షలో రాసినంత మందంగా రాస్తే ఎస్‌పీఎఫ్ 15 సుమారు 93 శాతం, 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం యూవీ-బిని ఆపుతాయి. ముప్పైకీ యాభైకీ తేడా ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. అయితే మనం ఎప్పుడూ పలుచగానే రాస్తాం కాబట్టి, ఎక్కువసేపు బయట ఉండేవారు 50 తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆఫీసుకు, కాలేజీకి వెళ్లి వచ్చేవారికి 30 చాలు.

ఆ తరువాత చూడవలసింది, నా లెక్కలో అంతకంటే ముఖ్యమైనది, పీఏ గుర్తు. జపాను నుంచి వచ్చిన ఈ పద్ధతిలో ప్లస్ గుర్తులు పెరిగే కొద్దీ యూవీ-ఎ నుంచి రక్షణ పెరుగుతుంది. మూడు గానీ నాలుగు గానీ ప్లస్‌లు ఉన్నది తీసుకోండి. కొన్నిటి మీద పీఏ బదులు ఒక వృత్తంలో యూవీఏ అని ఉంటుంది. యూవీ-ఎ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని దాని అర్థం. ఈ రెండూ లేక, బ్రాడ్ స్పెక్ట్రమ్ (రెండు రకాల కిరణాలనూ ఆపేది) అన్న మాట కూడా లేక, ఎస్‌పీఎఫ్ 70 అని పెద్ద అక్షరాలు మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. గడువు తేదీ చూడడం మరవద్దు.

లోపల వాడే పదార్థాలు రెండు తెగలు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజాలు. అవోబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్సీబెంజోన్ వంటివి రసాయన వడపోతలు. ఖనిజాలు అద్దంలా ఎండను తిప్పికొడతాయని చాలాచోట్ల రాస్తుంటారు గాని, అవి కూడా ప్రధానంగా కిరణాలను పీల్చుకునే పని చేస్తాయి. ఖనిజాలు సున్నితమైన చర్మానికి పడతాయి, కాని మన చామనఛాయ మీద బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తాయి. రసాయన వడపోతలు కనిపించకుండా కలిసిపోతాయి గాని కొందరికి మంట పెడతాయి. వీటిలో కొన్ని రక్తంలోకి చేరుతున్నట్టు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చేయించిన పరీక్షల్లో 2019, 2020లలో తేలింది. చేరడం అంటే హాని జరిగినట్టు కాదు, మరింత సమాచారం కావాలని మాత్రమే ఆ సంస్థ అడిగింది. మనసులో శంక ఉన్నవారు, గర్భిణులు ఖనిజాల రకం వాడితే సరిపోతుంది.

మీ చర్మానికి, మీ పనికి తగినది ఏది?

మన గాలిలో తేమ ఎక్కువ. ఉత్తరాది చలికాలానికి పనికొచ్చే చిక్కని క్రీము ఇక్కడ పది నిమిషాల్లో చెమటతో కలిసి గడ్డం మీదికి కారుతుంది. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవారు జెల్ గానీ నీళ్లలాంటి లోషన్ గానీ తీసుకోవాలి. పొడి చర్మం ఉన్నవారికి, వయసు పైబడిన వారికి క్రీము బాగుంటుంది. మంగు మచ్చలు ఉన్నవారికి లేత గోధుమ రంగు కలిపిన రకం మేలు, ఎందుకంటే మంగును కంటికి కనిపించే వెలుగు కూడా పెంచుతుంది, ఆ రంగులోని ఐరన్ ఆక్సైడ్ దాన్ని కొంత ఆపుతుంది. సముద్ర స్నానానికి వెళ్లేవారు, బాగా చెమట పట్టేవారు వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నది వెతకాలి. అది 40 నిమిషాలో, 80 నిమిషాలో నిలుస్తుంది తప్ప రోజంతా కాదు.

కొన్నాక నేరుగా ముఖానికి పెట్టకండి. మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు మూడు రోజులు గమనించండి. దద్దురు, దురద రాకపోతే ముఖానికి వాడండి.

కొబ్బరి నూనె సంగతి చెప్పకపోతే కోనసీమలో ఈ వ్యాసం పూర్తి కాదు. అది చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, అంతవరకు సరే. ఎండను ఆపడానికి దాన్ని నమ్ముకోలేం. పసుపు, సున్నిపిండి విషయమూ అంతే.

ఎంత రాయాలి, ఎప్పుడు రాయాలి?

అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. మొదటిసారి కొన్న 50 గ్రాముల ట్యూబు నాకు ఎనిమిది నెలలు వచ్చింది. పొదుపుగా వాడానని సంతోషించాను కూడా. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాస్తారు. ఆ లెక్కన ముఖానికీ మెడకూ కలిపి సుమారు అర చెంచా, అంటే గ్రాముకు పైమాటే కావాలి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ఇంచుమించు అంత వస్తుంది. రోజుకు ఒకసారి రాసినా ఆ ట్యూబు నెలన్నరకు మించి రాకూడదు. నేను రాసుకున్నది శనగగింజంత. పూత అలా పలుచబడితే డబ్బా మీది 50 ఒంటి మీద ఎంతో తక్కువకు దిగిపోతుంది. ఖరీదైన చిన్న ట్యూబును పొదుపుగా రాసుకోవడం కంటే చవకైన పెద్ద ట్యూబును ధారాళంగా రాసుకోవడం వెయ్యి రెట్లు నయం.

ముఖం కడిగి, తడి ఆరాక, మాయిశ్చరైజర్ వాడేవారు ముందు అది రాసి, రెండు నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్ చుక్కలుగా పెట్టి పరచండి. గట్టిగా రుద్దితే పూత కొట్టుకుపోతుంది. చెవులు, మెడ వెనుక భాగం, పాదాల పైభాగం అందరూ మరచిపోయే చోట్లు. పై కనురెప్పలకు రాయకండి, చెమటతో కళ్లలోకి దిగి మండుతుంది. బయటికి వెళ్లే ఇరవై నిమిషాల ముందు రాయాలి. సాయంత్రం దోమల మందు కూడా రాసుకునేవారు ముందు సన్‌స్క్రీన్, అది ఆరిన తరువాత దోమల మందు అన్న వరుస పాటించాలి.

బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి, చెమట తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. సఖినేటిపల్లి పంటు కోసం నర్సాపురం రేవులో నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటే, పొద్దున్న రాసినదంతా ఆ కండువాకే అంటుతుంది.

పొలంలో, చెరువు మీద పనిచేసేవారికి

బురద చేతులతో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి క్రీము రాసుకోమనడం కాగితం మీద సలహా. వీరికి బట్టే మొదటి సన్‌స్క్రీన్. ఊడ్పుకు వచ్చే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీలు మణికట్టు దాకా పెట్టుకుని, తలకూ చెవులకూ కలిపి గుడ్డ బిగించుకోవడం ఏ వైద్యుడూ నేర్పకుండానే వచ్చిన తెలివి. దానికి ఒక సవరణ మాత్రం చాలు: పలుచని తెల్ల నూలు బట్ట తడిస్తే దాని గుండా కిరణాలు ఎక్కువగా దిగుతాయి కనుక ముదురు రంగు, దట్టమైన నేత ఉన్న చొక్కా ఎంచుకోవాలి. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు అవతలి మనిషి కనిపిస్తే అది పనికిరాదు. మిగిలిన ముఖానికి, చేతుల వెనుక భాగానికి పొలానికి వెళ్లే ముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి చేతులు కడుక్కున్నప్పుడు మరోసారి రాసుకుంటే ఆచరణలో నిలుస్తుంది.

ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ రాయకూడదు, నీడలో ఉంచాలి. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కాబట్టి మందు రాసిన వైద్యుడిని ఆ సంగతి అడగాలి. ట్యూబును బైకు డిక్కీలో, కారులో వదలకండి. ఆ వేడికి లోపలి పదార్థం విడిపోతుంది, రంగు గానీ వాసన గానీ మారినది పారేయాలి. రాత్రి పడుకునే ముందు మెత్తని ఫేస్‌వాష్‌తో కడిగేసుకోవాలి. ఎంత రాసినా మచ్చ అంచులు పెరుగుతున్నా, పుట్టుమచ్చ రంగు మారినా, నెల దాటినా మానని పుండు ఉన్నా మరో ట్యూబు కొనకుండా చర్మ వైద్యుడికి చూపించాలి.