పురుగుమందు కేసుల సీజన్‌కు ముందు: కొత్త సిస్టర్లకు జాగ్రత్తలు

తొలకరి పడి పత్తి, మిరప చేలలో మందు కొట్టడం మొదలైందంటే క్యాజువాలిటీకి పురుగుమందు కేసులు పెరుగుతాయి. కొందరు గాలికి ఎదురుగా కొట్టి పడిపోయినవాళ్లు, కొందరు తాగినవాళ్లు. ఈ ఏడాది కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్లు, తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. మోతాదు నిర్ణయించేది డాక్టర్‌గారే. కానీ మందు చాలలేదా, ఎక్కువైందా అన్నది ముందు కంటపడేది మంచం పక్కనున్న మనకే.

మొదట స్టాకు చూసుకోండి. ఈ విషానికి ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్. మన దగ్గర ఎక్కువగా వాడే అట్రోపిన్ ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. 3 ఆంపూళ్లతో మొదలుపెట్టి 5 నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోతే 3, 6, 12, 24. పావుగంటలో ఒక్క మనిషికే 45 అయిపోతాయి. ట్రేలో పది పెట్టుకుంటే రాత్రి రెండింటికి స్టోర్ తాళం కోసం పరుగెత్తాల్సి వస్తుంది. అడ్రినలిన్‌ను అట్రోపిన్ పక్కన పెట్టకండి. రెండూ చిన్న గాజు ఆంపూళ్లే, హడావిడిలో చెయ్యి దేనిమీద పడుతుందో చెప్పలేం. పగలగొట్టే ముందు పేరు పైకి చదవండి.

పేషెంట్ రాగానే గ్లవ్స్, ఏప్రన్ వేసుకోండి. ఊపిరి సంగతి చూసుకుంటూనే తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో కడగాలి. మందు డబ్బా తెమ్మని ఇంటివాళ్లకు గట్టిగా చెప్పండి. తాగింది గడ్డిమందు ప్యారాక్వాట్ అయితే అట్రోపిన్‌తో పని లేదు. పైగా అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి.

కంటిపాప సూదిమొనంత అయిందని చూడగానే నిర్ణయానికి రాకండి. మార్ఫిన్ ఎక్కువైనా అలాగే అవుతుంది. తేడా తడిలో ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులైతే నోట్లో నురగ, చెమట, విరేచనాలు, ఛాతీలో గురగుర. మార్ఫిన్ మనిషి పొడిగా, మత్తుగా ఉంటాడు, ఊపిరి మాత్రం నిమిషానికి ఏ ఎనిమిదికో పడిపోతుంది. అతనికి మార్ఫిన్ విరుగుడు నలోక్సోన్ ఇస్తే లేచి కూర్చున్నా వదిలేయకండి. నలోక్సోన్ ప్రభావం ముందే తగ్గిపోయి గంటలో మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు.

అట్రోపిన్ నడుస్తున్నంతసేపూ చూడాల్సింది ముఖ్యంగా ఛాతీ, చంకలు. స్టెత్ పెట్టి వినండి, చంకలో చెయ్యి పెట్టి చూడండి. రెండూ పొడిగా ఉండాలి, నాడి, పై బీపీ (సిస్టోలిక్) 80 దాటాలి. నాడి 120 ఉందని మాత్రమే భయపడి మందు ఆపకండి. ఛాతీలో ఇంకా నీళ్ల చప్పుడుంటే మందు చాలలేదన్నమాట, డాక్టర్‌కు చెప్పండి. ఒళ్లు కాలిపోతూ, గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిస్తూ, పొట్టలో పేగుల చప్పుడు లేకపోతే ఎక్కువైందని అర్థం.

ఇక్కడే నొప్పి ఇంజెక్షన్ల దగ్గర పొరపాటు జరుగుతుంది. పేషెంట్ అరుస్తూ మంచం మీద దొర్లుతుంటే ఇంటివాళ్లు "నొప్పికేదైనా ఇవ్వండి సిస్టర్" అంటారు. ముందు పొత్తికడుపు తడిమి చూడండి. అట్రోపిన్‌తో మూత్రం ఆగిపోయి రాయిలా బిగిసి ఉండొచ్చు, గొట్టం వేస్తే చాలాసార్లు అదే శాంతిస్తుంది. మార్ఫిన్ ఊపిరిని అణిచేస్తుంది, ట్రమడాల్ ఫిట్స్ తెప్పిస్తుంది. ఇలాంటి పేషెంట్‌కు ఆ రెండూ ప్రమాదమే.

అట్రోపిన్‌తోపాటు ఇచ్చే మరో విరుగుడు పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజెక్షన్‌ను గబగబా తోసేయకండి. సెలైన్‌లో కలిపి అరగంటపాటు ఎక్కించాలి. వేగంగా వెళితే గుండె ఆగిపోయే ప్రమాదముంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ తర్వాతి నాలుగు రోజులు. ఒకసారి మూడో రోజు పొద్దున ఒక పెద్దాయన "ఇడ్లీ పెడతారా అమ్మా" అని అడిగాడు. నురగ లేదు, ఛాతీ శుభ్రం. ఇంటికి పంపుతారేమో అనుకుంటున్నాం. "తాతా, ఒక్కసారి దిండు మీంచి తల ఎత్తు" అన్నాను. మెడ నరాలు బిగుసుకున్నాయి, గడ్డం వణికింది, తల మాత్రం అంగుళం కూడా లేవలేదు. మెడ కండరాలు పట్టు తప్పాయంటే ఊపిరి కండరాలూ తప్పబోతున్నాయేమోనని అనుమానించాలి. సాయంత్రానికి వెంటిలేటర్ మీదున్నాడు. పదకొండో రోజు గొట్టం తీశారు. ప్రతి షిఫ్ట్‌లోనూ తల ఎత్తమని అడగండి, ఎత్తగలిగాడో లేదో నోట్స్‌లో రాయండి, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ మంచం తలవైపే ఉంచండి.