రియల్‌టైమ్ ఓఎస్ నేర్చుకుందాం – 4వ భాగం: ఇంటరప్ట్ రొటీన్‌లో ఎంత రాయాలి?

పోయిన భాగంలో టాస్కులకు ప్రయారిటీలు ఇచ్చాం. ఈసారి బయటి నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకుందాం. చేస్తున్న పనిని మధ్యలో ఆపించే ఇలాంటి సిగ్నలే ఇంటరప్ట్; అది రాగానే నడిచే ఫంక్షన్ ఇంటరప్ట్ రొటీన్.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే చక్రం) ఆగిందంటే పంటకే ముప్పు. నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ అదే. అది ఆగితే తెలిసేలా చక్రం ఇరుసుకు ఒక అయస్కాంతం, పక్కన అయస్కాంతం దగ్గరికొస్తే పల్స్ ఇచ్చే హాల్ సెన్సర్, ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ చిప్పు, అందులో ఫ్రీఆర్టాస్ అనే రియల్‌టైమ్ ఓఎస్ పెడదాం. చక్రం నిమిషానికి 100 చుట్లు తిరిగితే 600 మిల్లీసెకన్లకో పల్స్ వస్తుంది.

పల్స్ రాగానే ప్రాసెసర్ ఎనిమిది రిజిస్టర్లను తానే స్టాక్‌లో దాచి మన రొటీన్‌లోకి వెళ్తుంది. మెమరీ జాప్యం లేకుంటే దీనికి 12 సైకిళ్లు, అంటే 72 మెగాహెర్ట్జ్ దగ్గర మైక్రోసెకనులో ఆరో వంతు. ఇంత త్వరగా లోపలికొచ్చి అక్కడే ఎస్సెమ్మెస్ పంపుతూ కూర్చుంటే టాస్కులన్నీ ఆగిపోతాయి. కాబట్టి రొటీన్ మొదట్లోనే పెండింగ్ బిట్ (ఇంటరప్ట్ వచ్చిందని చెప్పే గుర్తు) చెరపండి; చెరపకపోతే బయటికొచ్చిన వెంటనే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత టాస్కుకు నోటిఫికేషన్ ఇచ్చి, చివర్లో యీల్డ్ (నిద్రలేచిన టాస్కుకు వెంటనే వంతు ఇప్పించే ఫంక్షన్) పిలవండి. అంతకుమించి అందులో ఏమీ రాయొద్దు.

టాస్కు ఆ నోటిఫికేషన్ కోసం 3 సెకన్ల గడువుతో నిద్రపోతుంది. గడువు దాటి సున్నా తిరిగొస్తే వరసగా అయిదు పల్స్‌లు రానట్టు, అలారం మోగించాలి. సెన్సర్ తీగ తెగినా అలారమే మోగుతుంది. రైతు ఒకసారి ఊరికే లేచి చూసి రావడమే మేలు.

చాలామంది తడబడేది ప్రయారిటీ అంకెల దగ్గర. ఫ్రీఆర్టాస్ టాస్కుల్లో అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం పెరుగుతుంది. ఈ చిప్పులోని కార్టెక్స్-ఎం ప్రాసెసర్ ఇంటరప్టుల్లో సరిగ్గా తలకిందులు: 0 అన్నిటికన్నా పైది. ఈ చిప్పులో 0 నుంచి 15 దాకా 16 స్థాయిలు. కెర్నల్ (ఓఎస్ గుండెకాయ లాంటి భాగం) ఆపగలిగే ఇంటరప్టుల హద్దు 5 అని పెట్టుకుంటే, 5 నుంచి 15 వరకు ఉన్న రొటీన్లే ఫ్రమ్‌ఐఎస్ఆర్ ఫంక్షన్లను (ఇంటరప్ట్ రొటీన్‌లోంచి పిలవడానికి ఫ్రీఆర్టాస్ ఇచ్చేవి) పిలవాలి. 0 నుంచి 4 వాటిని కెర్నల్ ఎప్పుడూ ఆపదు. ఆ రొటీన్లు కెర్నల్‌ను ముట్టుకుంటే దాని జాబితాలు చెడిపోయి, ఎప్పుడో ఒక రాత్రి బోర్డు బిగుసుకుపోతుంది. రీసెట్ తర్వాత ప్రతి ఇంటరప్టూ 0 దగ్గరే ఉంటుంది! అందుకే సెన్సర్ ఇంటరప్టును ఎనేబుల్ చేసే ముందే 6 అని రాయండి. ఫ్రీఆర్టాస్‌లో తప్పులు కనిపెట్టి ఆపే కాన్ఫిగ్‌అసర్ట్ కూడా ఆన్ చేసి ఉంచండి, ఈ తప్పును బల్ల మీదే పట్టిస్తుంది.

అభ్యాసం: సెన్సర్ బదులు ఒక బటన్ పెట్టి, నొక్కడం ఆపాక 3 సెకన్లకు ఎల్‌ఈడీ వెలిగేలా చేయండి. ఒక్క నొక్కుకే నాలుగైదు పల్స్‌లు కనిపిస్తే కంగారు పడొద్దు. మోటార్ కాంటాక్టర్ (మోటార్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పక్కనుంచి వచ్చే పొడవాటి తీగలోనూ ఇలాంటి దొంగ పల్స్‌లు పుడతాయి. వాటిని వడకట్టడం 5వ భాగంలో.