సదస్సుకు ముందు సాధన – 3వ పాఠం: ముసాయిదాలో మన వాక్యం

2012 జూన్ 20న రియో డి జెనీరోలో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి సదస్సు మొదలైంది. దేశాధినేతలు వచ్చారు, ప్రసంగాలు చేశారు. వాళ్లు ఆమోదించాల్సిన పత్రం మాత్రం ముందురోజే తయారైపోయింది. సన్నాహక సమావేశాల్లో తెగని పేచీలను ఆతిథ్య దేశం బ్రెజిల్ తన చేతిలోకి తీసుకుని, దౌత్యాధికారులను కూర్చోబెట్టి, జూన్ 19కల్లా ముగించింది. ఆ తర్వాత కూడా నగర వీధుల్లో ఊరేగింపులు సాగాయి. నడిచినవాళ్ల ఆవేదన నిజమైనదే, అవసరమైనదే. కానీ అప్పటికి పత్రంలో ఒక్క పదం కదిలించడం కూడా ఎవరి తరమూ కాదు.

మొదటి పాఠంలో సదస్సు క్యాలెండర్‌ను వెనక నుంచి ముందుకు చదవడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో మీ దేశ ప్రభుత్వంలో ఈ పని ఏ శాఖలో, ఏ స్థాయి అధికారి బల్ల మీద ఉంటుందో వెతికి రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈ పాఠం చివర మళ్లీ కావాలి. ఈసారి నేర్చుకునే పని చూడటానికి చిన్నది: ముసాయిదాలో ఒక వాక్యం ఎంచుకుని, దాన్ని మార్చే ప్రతిపాదన రాయడం. పౌర సమాజం చేసే మొత్తం సన్నాహంలో నేను దీనికే అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

ముందు ముసాయిదా ఎలా పెరుగుతుందో చూద్దాం. రియో సదస్సుకు ప్రభుత్వాలూ, పౌర సంస్థలూ తమ సూచనలు పంపడానికి 2011 నవంబర్ 1 గడువు. వాటన్నిటినీ వడపోసి 2012 జనవరి 10న తొలి ముసాయిదా విడుదల చేశారు. దాన్నే జీరో డ్రాఫ్ట్ అంటారు. అప్పుడది 19 పేజీలు. ప్రతి దేశమూ తన సవరణలు చేర్చేసరికి కొన్ని నెలల్లోనే 200 పేజీలు దాటింది. చివరికి కోసి, కుట్టి, 283 పేరాలకు తెచ్చారు. ఈ ప్రయాణంలో మన మాట చేరడానికి దారి రానురానూ ఇరుకవుతుంది. జీరో డ్రాఫ్ట్‌కు ముందు ఒక ఆలోచన పంపితే చాలు. అది వచ్చాక వాక్యమే పంపాలి. బేరసారాలు ముదిరాక ఒకటి రెండు పదాలకు మించి ఎవరూ వినరు. చాలా సంస్థలు ఆలోచన పంపాల్సిన రోజుల్లో నిధుల కోసం తిరుగుతూ ఉండి, పదాలు మిగిలిన వేళకు ఇరవై పేజీల వినతిపత్రంతో వస్తాయి.

చదవడం: క్రియ, తోక

ఐరాస ముసాయిదాను తెలుగు చేసుకున్నాక, పేరాను చివరి నుంచి చదవండి. మన భాషలో క్రియ సాధారణంగా వాక్యం చివరే ఉంటుంది కాబట్టి ఈ అలవాటు మనకు సులువు. ‘గమనిస్తున్నాం’ అంటే విన్నామని మాత్రమే. ‘గుర్తిస్తున్నాం’ దానికన్నా ఒక మెట్టు పైన. ‘ప్రోత్సహిస్తున్నాం’, ‘ఆహ్వానిస్తున్నాం’ అన్నవి పని ఇంకొకరికి అప్పగిస్తాయి గానీ బాధ్యత పెట్టవు. ‘పిలుపునిస్తున్నాం’లో కొంత ఒత్తిడి ఉంది. ‘కట్టుబడి ఉన్నాం’, ‘నిర్ణయిస్తున్నాం’ అన్న చోట ఆగి, ఎవరు, ఎప్పటికి, ఏం చేయాలో వెతకండి. అవి లేకపోతే ఆ గట్టి క్రియ కూడా ఊరికే ఉన్నట్టే.

ఒక జాగ్రత్త మన భాషకే ప్రత్యేకం. ఇంగ్లిష్ ప్రతిలో విధిగా చేయాలని చెప్పే ‘షల్’ వేరు, చేస్తే మంచిదని చెప్పే ‘షుడ్’ వేరు. తెలుగులో రెంటినీ ‘చేయాలి’ అనేస్తాం. 2015 డిసెంబర్ 12న పారిస్ వాతావరణ ఒప్పందం ఆమోదం పొందడానికి కొద్దిసేపటి ముందు గొడవంతా ఈ తేడా మీదే వచ్చింది. ఉద్గారాల తగ్గింపులో సంపన్న దేశాలు ముందుండాలని చెప్పే నాలుగో అధికరణంలో ‘షల్’ అని పడింది. అలా ఉంటే అమెరికాకు చట్టపరమైన చిక్కు. చివరకు దాన్ని అచ్చు సవరణల జాబితాలో చేర్చి, సభలో చదివి, ‘షుడ్’ చేశారు. దాదాపు రెండువందల దేశాల ఒప్పందం ఆ ఒక్క పదం దగ్గర ఆగి కదిలింది. అందుకే ముసాయిదాను మీ సభ్యుల కోసం తెలుగు చేసేటప్పుడు ఒకచోట ‘విధిగా చేయాలి’ అనీ, ఇంకోచోట ‘చేయడం సముచితం’ అనీ విడదీసి రాయండి. లేకపోతే సభ్యులు లేని హామీని ఉందనుకుని ఇంటికి వెళతారు.

క్రియ తర్వాత తోక చూడాలి. ‘తగిన విధంగా’, ‘జాతీయ పరిస్థితులకు అనుగుణంగా’, ‘దశలవారీగా’, ‘స్వచ్ఛందంగా’ లాంటి పదబంధాలే తోకలు. ఇవన్నీ చెడ్డవని కాదు. పేద దేశానికి ‘జాతీయ పరిస్థితులకు అనుగుణంగా’ అన్నది నిజంగానే రక్షణ కవచం. కానీ ప్రతి తోకనూ ఎవరో ఒకరు అడిగి పెట్టించుకున్నారు. ఎవరు పెట్టించారో, ఎందుకో ఊహించగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

దగ్గర నుంచి: నీటి వాక్యం

ఇప్పుడొక నిజమైన వాక్యాన్ని చేతిలోకి తీసుకుందాం. 2010 జూలై 28న ఐరాస సర్వసభ్య సభ 64/292 తీర్మానంలో సురక్షిత తాగునీరు, పారిశుధ్యం మానవ హక్కు అని గుర్తించింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేదు, కానీ 41 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఆ 41 చాలు, పేచీ ఇంకా తీరలేదని చెప్పడానికి.

ఏడాదిన్నర తర్వాత వచ్చిన రియో జీరో డ్రాఫ్ట్‌లో నీటి పేరా చూడండి. జీవితాన్నీ, ఇతర మానవ హక్కులన్నిటినీ పూర్తిగా అనుభవించడానికి అత్యవసరమైన హక్కు అంటూ సాగే మాటలు ఆ తీర్మానంలోవే. మాటలు అవే, క్రియ మాత్రం వేరు: తీర్మానంలో ‘గుర్తిస్తున్నాం’, ముసాయిదాలో ‘ప్రాముఖ్యాన్ని నొక్కి చెబుతున్నాం’. బేరసారాలు ముగిసి 121వ పేరాగా బయటికి వచ్చేసరికి దాని సారం ఇలా ఉంది: సురక్షిత తాగునీరు, పారిశుధ్యం అనే మానవ హక్కుకు సంబంధించి మా హామీలను పునరుద్ఘాటిస్తున్నాం, జాతీయ సార్వభౌమత్వాన్ని పూర్తిగా గౌరవిస్తూ, మా ప్రజలకు ఆ హక్కును క్రమక్రమంగా సాకారం చేస్తాం.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. క్రియ బలపడింది: నొక్కి చెప్పడం పోయి హామీల పునరుద్ఘాటన వచ్చింది. ‘మానవ హక్కు’ అన్న మాట నిలబడింది, పౌర సంస్థలు పట్టుబట్టింది దానికోసమే. బదులుగా రెండు తోకలు వచ్చాయి. ‘క్రమక్రమంగా’ అన్నది ఖజానా చూసుకునేవాళ్ల భయానికి జవాబు. ‘సార్వభౌమత్వం’ అన్నది తమ నదుల మీద ఇంకొకరు హక్కు అడుగుతారేమోనన్న భయానికి జవాబు అని నా అంచనా. ఇందులో గెలుపు ఎంత, ఓటమి ఎంత అని అడిగితే నేను గెలుపనే అంటాను. ‘క్రమక్రమంగా’ అన్న ప్రభుత్వాన్ని మరుసటి ఏడాది ‘ఈ ఏడు ఎంత మేరకు?’ అని అడగవచ్చు. హక్కు అన్న మాటే లేకపోతే అడగడానికి పట్టు దొరకదు.

ఈ కథలో మనకు పనికొచ్చే కిటుకు ‘ఒప్పుకున్న భాష’. ఒకసారి ఐరాస పత్రంలో ఆమోదం పొందిన మాటలను తర్వాతి పత్రంలో మళ్లీ వాడటం సులువు, కాదనడం కష్టం. మీ ప్రతిపాదనలో కొత్త అందమైన పదం కన్నా పాత తీర్మానంలోని పొడి పదమే బరువు తూగుతుంది. భావం మీది కానివ్వండి, మాటలు మాత్రం ప్రభుత్వాలు ఇదివరకే ఒప్పుకున్నవి ఎంచుకోండి.

రాయడం

అభ్యాసం కోసం నేను తయారుచేసిన ముసాయిదా వాక్యం ఇది:

‘వ్యర్థాల నిర్వహణలో అసంఘటిత కార్మికుల పాత్రను గుర్తిస్తూ, వారి పని పరిస్థితులను తగిన విధంగా మెరుగుపరచాలని ప్రభుత్వాలను ప్రోత్సహిస్తున్నాం.’

చెత్త ఏరి, వేరుచేసి బతికేవాళ్లతో పనిచేసే సంఘం మీది అనుకోండి. మొదటి ఉబలాటం క్రియ మీదికి పోతుంది: ‘ప్రోత్సహిస్తున్నాం’ తీసేసి ‘నిర్ణయిస్తున్నాం’ పెట్టమని అడగాలనిపిస్తుంది. నా సలహా వేరు. ఒక్క దేశం అడిగినంత మాత్రాన క్రియ రెండు మెట్లు ఎక్కదు. దానికోసం మీ అధికారి తన పరపతి అంతా ఖర్చు చేయాలి, చేయడు. దానికి బదులు వాక్యం మధ్యలోకి వెళ్లండి:

‘… వారి పని పరిస్థితులను, వారి సంఘాలతో సంప్రదించి, మెరుగుపరచాలని ప్రభుత్వాలను ప్రోత్సహిస్తున్నాం.’

‘తగిన విధంగా’ తీసేశాం, మూడు మాటలు చేర్చాం. క్రియ జోలికి పోలేదు. ఇది దక్కితే సదస్సు ముగిసి అందరూ ఇంటికి వచ్చాక మీ పురపాలక సంస్థ తలుపు తట్టి ‘సంప్రదింపు ఎప్పుడు?’ అని అడగగలరు. ‘తగిన విధంగా’ తిరిగి వచ్చి కూర్చున్నా ఫరవాలేదు, ఆ మూడు మాటలు వదలకండి. దేన్ని వదులుకోవచ్చో, దేన్ని వదలకూడదో ముందే తేల్చుకుని, ఆ రెండో రూపాన్ని కూడా రాసి పెట్టుకోండి. దాన్ని మాత్రం మొదటి రోజే చూపించవద్దు.

ప్రతిపాదన ఒక్క పేజీ దాటకూడదు. పైన పేరా సంఖ్య. కింద ముసాయిదాలో ఇప్పుడున్న వాక్యం, దాని కింద మన వాక్యం, మార్పులు ముద్ద అక్షరాల్లో. తర్వాత కారణం, మూడు పంక్తులకు మించకుండా. చివర, ఇలాంటి మాటలు ఇంతకు ముందు ఏ తీర్మానంలో, ఏ పేరాలో ఉన్నాయో. మీ సంస్థ చరిత్ర, ఛాయాచిత్రాలు, నిరసన చిత్రాలు ఆ పేజీలో వద్దు. వాటికి వేరే చోటు ఉంది, ఐదో పాఠంలో వస్తుంది.

ఎవరికి ఇవ్వాలి

రెండో పాఠం కాగితం ఇప్పుడు తీయండి. ఒకే ప్రతిపాదనను మూడు బల్లల వాళ్లు మూడు రకాలుగా చదువుతారు. విదేశాంగ శాఖ అధికారి ముందు చూసేది పూర్వోదాహరణ: ఈ మాట ఒప్పుకుంటే రేపు ఇంకో వేదిక మీద మన మెడకు చుట్టుకుంటుందా? ఆర్థిక శాఖ చూసేది డబ్బు వాసన. సంబంధిత శాఖ, మన ఉదాహరణలో పట్టణాభివృద్ధో కార్మిక శాఖో, తర్వాత నివేదిక ఎవరు రాయాలని ఆలోచిస్తుంది. వాక్యం ఒకటే ఉండాలి, మూడు పంక్తుల కారణం మాత్రం ఎవరికి తగ్గట్టు వాళ్లకు మార్చండి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలు చాలా అంశాల మీద జీ77, చైనా కూటమిగా ఒకే గొంతుతో మాట్లాడతాయి. 1964లో 77 దేశాలతో పుట్టిన ఆ కూటమిలో ఇప్పుడు 134 ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాలు కూడా అలాగే ఒకే గొంతుతో మాట్లాడతాయి. కూటమి వైఖరి ఖరారయ్యాక మీ దేశ ప్రతినిధి మనసులో మీతో ఉన్నా నోరు విప్పలేరు. కాబట్టి మీ అసలు గడువు సదస్సు తేదీ కాదు, సన్నాహక సమావేశం తేదీ కూడా కాదు. కూటమి కూర్చునే రోజుకు ముందు మీ ప్రభుత్వ శాఖలు కూర్చునే రోజు, అదీ గడువు.

పౌర సమాజం లోపలి సంగతి కూడా చెప్పాలి. 1992 రియో సదస్సు ఆమోదించిన ఎజెండా 21 తొమ్మిది ప్రధాన వర్గాలను పేర్కొంది: మహిళలు, బాలలు-యువత, ఆదివాసులు, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక ప్రభుత్వాలు, కార్మికులు, వ్యాపారులు-పరిశ్రమలు, శాస్త్ర సాంకేతిక రంగం, రైతులు. ఇన్ని వర్గాలు ఒకే మాట మీద ఉండటం సాధ్యం కాదు, ఉండాలని కోరడం న్యాయమూ కాదు. కానీ ఒకే పేరాకు మూడు సంఘాలు మూడు వాక్యాలు తెస్తే, అలసిన అధికారి మూడింటినీ పక్కన పెట్టేస్తాడు. విభేదం ఉన్న పేరాలను వదిలి, కలిసిన పేరా మీద ఒక్క వాక్యం ఇవ్వండి. మీలో ఎవరైనా అధికారిక ప్రతినిధి బృందంలో సభ్యులైతే, లోపల విన్నది బయట చెప్పకూడదన్న నియమం వాళ్లకు వర్తిస్తుంది. వాళ్లను ఆ ఇరకాటంలో పెట్టవద్దు.

ఒక వాక్యం ఎంత దూరం వెళ్లగలదో కూడా తెలుసుకోండి. 2011లో, రియో సన్నాహాల మధ్య, కొలంబియా గ్వాటెమాలాతో కలిసి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు అన్న ఆలోచన తెచ్చింది. అది 2012 పత్రంలో 248వ పేరాగా మారింది. 30 మంది ప్రతినిధులతో కార్యబృందం, దానికి గడువు: ఎవరు, ఎప్పటికి, ఎందరు అన్నీ ఆ పేరాలో ఉన్నాయి. గడువు కొన్ని నెలలు జారినా 2013 జనవరిలో బృందం ఏర్పడక తప్పలేదు. 2015 సెప్టెంబర్‌లో 193 దేశాలు ఆమోదించిన 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు ఆ బృందం పని నుంచి వచ్చినవే.

ఈ పాఠానికి అభ్యాసం

2012 రియో పత్రం ‘మనం కోరే భవిష్యత్తు’ ఐరాస వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ సంఘం పనికి దగ్గరగా ఉన్న ఒక పేరా తీసుకోండి. క్రియ కింద ఒక గీత, తోకల కింద రెండు గీతలు గీయండి. ప్రతి తోక పక్కన, అది ఏ శాఖ భయమో ఒక్క మాటలో రాయండి. ఆ తర్వాత మూడు మాటలు మించకుండా చేర్చి పేరాను తిరగరాయండి. రాసినదాన్ని మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో వాళ్లలో ఒకరికి చదివి వినిపించి, ‘ఇది దక్కితే ఎవరిని, ఏమని అడుగుతారు?’ అని ప్రశ్నించండి. జవాబు రాకపోతే మూడు మాటలూ మార్చి మళ్లీ వెళ్లండి. ఒప్పుకోని మాటలను చదరపు బ్రాకెట్లలో పెట్టి గంటల తరబడి సాగే బేరాల గురించి నాలుగో పాఠం ఉంటుంది. అక్కడ ఈ వాక్యంతోనే మొదలుపెడతాం, దాచి ఉంచండి.