హింస నివారణ ఫలితాలు: స్థానికులతో కలిసి లెక్క తేల్చడం (4వ పాఠం)

మీరు నడిపే హింస నివారణ కార్యక్రమం గురించి పోయిన పాఠంలో "ఏం మారిందో స్థానికులనే అడగండి" అని రాసి వదిలేశాను. ఎక్కడ, ఎవరిని, ఎలా అడగాలో చెప్పకపోవడం నా పొరపాటు. మీరు పంపిన నివేదికలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. సభ పెట్టారు, "ఇళ్లలో గొడవలు తగ్గాయా?" అని అడిగారు, అందరూ చేతులెత్తారు, తగ్గాయని రాసుకున్నారు.

ఆ సభను దగ్గరగా చూడండి. ముందు వరుసలో పెద్దమనుషులు. వెనక గోడకు ఆనుకొని ఒక స్త్రీ, ఆమెకు రెండు వరుసల ముందు ఆమె భర్త. చెయ్యి ఎత్తేముందు ఆమె అతని వైపు చూస్తుంది. ఆ చూపు మీ నివేదికలో ఎక్కడా లేదు. ఆమె "తగ్గలేదు" అని ఉంటే ఆ రాత్రి ఆమెకు దిక్కెవరు? గృహహింస గురించి ఏకాంతంలోనే అడగాలని, ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే చెప్పింది. మధ్యలో ఎవరైనా వస్తే మాట మార్చడానికి వేరే విషయంపై కొన్ని ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకోవాలి. ప్రశ్నలు అడిగేవారు స్థానికులే కావచ్చు, కానీ సొంత వీధిలో వద్దు. ఈ విషయంలో నేను అసలు రాజీపడను.

మరి సభ ఎందుకు? సూచికలు, అంటే మార్పును చూపే గుర్తులు, ఎంచుకోవడానికి. "మీ వీధి భద్రంగా ఉందని దేన్ని చూసి అంటారు?" అని అడగండి. చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా నడిచి రాగలగడం, మైదానంలో రెండు వర్గాల కుర్రాళ్లు కలిసి ఆడటం వంటివి వస్తాయి. ఐదింటికి మించి తీసుకోకండి.

ఫిర్యాదులు పెరగగానే కార్యక్రమం విఫలమైందని తేల్చకండి. నమ్మకం కుదిరితే బయటపడి చెప్పేవాళ్లు పెరుగుతారు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే శస్త్రవైద్యుడు, దాడుల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది పోలీసు లెక్కల్లోకి ఎక్కడం లేదని గమనించారు. అప్పటి నుంచి పేర్లు లేకుండా దాడి జరిగిన చోటు, సమయం, వాడిన ఆయుధం ఆసుపత్రిలో నమోదు చేసి పోలీసులకు, స్థానిక పాలకులకు అందించే పద్ధతి మొదలైంది. మీరూ ఆసుపత్రి లెక్క, పోలీసు లెక్క పక్కపక్కన పెట్టి చూడండి.

అభ్యాసం: మీ నివేదికను ఒక్క పేజీకి కుదించి స్త్రీలకు, యువకులకు, పెద్దలకు విడివిడిగా చదివి వినిపించండి. "ఇది నిజం కాదు" అని ఎవరన్నా ఆ వాక్యం చెరపకండి, కిందనే వారి మాట రాయండి, పేరు రాయకండి. మొదలుపెట్టే ముందు, సాయం కోరిన స్త్రీని ఎవరి దగ్గరకు పంపుతారో కనుక్కోండి. అది తెలిసేదాకా ఒక్క తలుపూ తట్టకండి.