గ్రీస్‌లో పురాతన శిథిలాలను చూసి రావడం ఎలా?

గ్రీస్ వెళ్ళి వచ్చినవారిలో కొందరు ఒక మాట అంటుంటారు: మొదటి రెండు రోజులు కళ్ళు విప్పార్చుకుని చూశాం, మూడో రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా అవే విరిగిన స్తంభాలు కనిపించాయి అని. ఈ విసుగుకు కారణం స్తంభాలు కాదు, ప్రయాణాన్ని అల్లుకున్న తీరు. అక్కడ నేల మీద మిగిలిన కట్టడం ఒకచోట ఉంటే, ఒకప్పుడు దాని నెత్తిన నిలిచిన శిల్పమో, దాని కింద దాచిన బంగారమో మరోచోట మ్యూజియంలో ఉంటుంది. ఈ రెండూ మనసులో కలిసేలా రోజులను అమర్చుకోవాలి. పది రోజుల సమయం, మామూలుగా నడవగలిగే ఓపిక ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని ఆ అమరికను ఇక్కడ వివరిస్తున్నాను.

కాలం, వీసా

ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి వరకు, మళ్ళీ సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ నెలాఖరు వరకు వెళ్ళడం మంచిది. ఏప్రిల్‌లో శిథిలాల మధ్య ఎర్రని గసగసాల పూలు విరగబూసి ఉంటాయి. మనకు ఎండ అలవాటే కదా అని జూలై, ఆగస్టు నెలలకు విమాన టికెట్లు కొనకండి. మన ఊళ్ళో నలభై డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు మిట్టమధ్యాహ్నం ఎవరూ చెట్టు నీడైనా లేని రాతి కొండ ఎక్కరు. అక్కడ చేయవలసింది సరిగ్గా అదే, పైగా తెల్లని పాలరాయి మీద పడిన వెలుగు కళ్ళలోకి కొడుతుంది. వడగాలులు ముదిరిన రోజుల్లో ప్రభుత్వమే మధ్యాహ్నం కొన్ని గంటలపాటు ఏథెన్స్ నడుమ కొండ మీద ప్రాచీన గుళ్ళున్న ఆక్రోపోలిస్‌ను మూయించిన సందర్భాలు ఈమధ్య వేసవులలో ఉన్నాయి. నవంబర్ నుంచి మార్చి వరకు రద్దీ తక్కువ, నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, కాని చాలా స్థలాలను తొందరగా మూసివేస్తారు. జనవరి 1, మార్చి 25, మే 1, డిసెంబర్ 25, 26 తేదీలలోను, ఆర్థడాక్స్ ఈస్టర్ ఆదివారం నాడు కూడా ఇవి తెరవరు. ఆ ఈస్టర్ తేదీ మన క్యాలెండర్లలో కనిపించే ఈస్టర్ కంటే తరచు వేరుగా ఉంటుంది కాబట్టి ముందే చూసుకోవాలి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా (గ్రీస్‌తో సహా పలు యూరప్ దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. వేసవి సెలవుల ముందు వేలిముద్రల అపాయింట్‌మెంటు దొరకడమే కష్టమవుతుంది కాబట్టి రెండు మూడు నెలల వ్యవధి ఉంచుకోండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి.

దారిని గీసుకోవడం

నేను సూచించే దారి ఇది: ఏథెన్స్‌లో మూడు రోజులు, డెల్ఫీలో ఒక రాత్రి, ఒలింపియాలో ఒక రాత్రి, నాఫ్‌ప్లియో పట్టణంలో మూడు రాత్రులు, చివరికి మళ్ళీ ఏథెన్స్. కారు అద్దెకు తీసుకుంటే ఇది చక్కటి చుట్టు. డెల్ఫీ నుంచి పడమరగా వెళ్ళి, 2004లో ప్రారంభమైన రియో–అంటిరియో వంతెన మీద సముద్రపు పాయను దాటి, గ్రీస్ దక్షిణాన ఉన్న ద్వీపకల్పమైన పెలోపొనీస్‌లోకి దిగవచ్చు. ఇందుకోసం అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను బయలుదేరే ముందే మన ఆర్టీవో కార్యాలయంలో తీసుకోవాలి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయని మొదటి రోజంతా మనసులో అనుకుంటూ ఉండాలి.

కారు వద్దనుకునేవారికి ఊళ్ళ మధ్య నడిచే కేటీఈఎల్ బస్సులు ఉన్నాయి. ఏథెన్స్‌లో డెల్ఫీ బస్సులు లియోసియోన్ స్టేషన్ నుంచి, పెలోపొనీస్ బస్సులు కిఫిసోస్ స్టేషన్ నుంచి బయలుదేరుతాయి. ఈ రెండింటినీ తారుమారు చేసుకుంటే ఆ పూట పోయినట్లే. బస్సులో వెళ్ళేవారు డెల్ఫీ చూసి ఏథెన్స్‌కు తిరిగి వచ్చి, అక్కడి నుంచి నాఫ్‌ప్లియో వెళ్ళడం సులువు. అవసరమైతే ఒలింపియాను వదులుకోవచ్చు.

దీవులను ఈ పది రోజుల్లో ఇరికించవద్దని నా సలహా. క్రీట్ దీవిలోని నోసోస్ శిథిలాలు, మికొనోస్ దీవి నుంచి పడవలో వెళ్ళే డీలోస్ దీవి శిథిలాలు తమంతట తాము ఒక ప్రయాణానికి తగినవి.

ఆక్రోపోలిస్: ముందు కొండ, తరువాత మ్యూజియం

ఆక్రోపోలిస్‌కు 2023 నుంచి గంటలవారీ టికెట్లు అమలులో ఉన్నాయి, రోజుకు 20,000 మంది అనే పరిమితి కూడా ఉంది. ప్రభుత్వ అధికారిక ఈ-టికెట్ సైటులోనే కొనండి. వీలైతే ఉదయం 8 గంటల టికెట్టు తీసుకుని, కొండకు ఆగ్నేయంగా మెట్రో స్టేషన్ దగ్గర ఉన్న చిన్న ద్వారం నుంచి లోపలికి వెళ్ళండి. పర్యాటక బస్సుల జనమంతా పడమటి ద్వారం దగ్గర చేరతారు. అయితే ఈ దారిన వెళ్ళేవారు డయొనైసస్ నాటకశాల దగ్గర అప్పుడే ఆగిపోకుండా నేరుగా పైకి వెళ్ళి, దానిని దిగేటప్పుడు చూడాలి. పెద్ద బ్యాగులను లోపలికి రానివ్వరు. చెప్పుల అడుగు భాగం గరుకుగా ఉండాలి, ఎందుకంటే శతాబ్దాలుగా పాదాల కింద అరిగిన పాలరాయి గాజులా నున్నగా ఉండి పొడిగా ఉన్నప్పుడు కూడా జారుతుంది.

పార్థినాన్ ఎదుట నిలబడి ఫోటో తీసుకుని వెనుదిరగవద్దు. క్రీ.పూ. 447లో పని మొదలుపెట్టి, ఇక్టినోస్, కాలిక్రటీస్ అనే వాస్తుశిల్పులు, ఫిడియాస్ అనే శిల్పి క్రీ.పూ. 432 నాటికి పూర్తిచేసిన ఈ గుడిలో నిజమైన సరళరేఖ దాదాపు లేదు. కొస దగ్గర ఒంగి, మెట్టు అంచు వెంబడి చూపును సాగదీయండి. మెట్టు మధ్యలో ఉబ్బి, చివరలకు దిగినట్లు తెలుస్తుంది. పొడవు వైపు ఆ ఉబ్బు సుమారు 11 సెంటీమీటర్లు. స్తంభాలు కూడా నడుము దగ్గర కొంచెం బలిసి, లోపలికి కాస్త వాలి ఉంటాయి. తరువాత రాతి రంగు చూడండి. పెంటెలీ కొండ పాలరాయిలో కొద్దిపాటి ఇనుము ఉండడం వల్ల పాత రాయి తేనె రంగుకు తిరిగింది. మధ్యమధ్య అతికినట్లు కనిపించే తెల్లని ముక్కలు 1975 నుంచి సాగుతున్న పునరుద్ధరణలో చేర్చినవి. ప్రాచీనులు రాళ్ళను కలిపే ఇనుప బందాలకు సీసం పోత పోసి తుప్పు పట్టకుండా కాపాడారు. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో మరమ్మతు చేసినవారు ఆ జాగ్రత్త తీసుకోకపోవడంతో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పాలరాయినే పగలగొట్టింది. ఇప్పుడు వాటి స్థానంలో టైటానియం వాడుతున్నారు.

గుడి మధ్య భాగం ఎందుకు లేదో కూడా తెలుసుకుని చూడాలి. 1687లో వెనిస్ సైన్యం ముట్టడించినప్పుడు, అప్పటి పాలకులైన ఒట్టొమన్ తురుష్కులు అందులో మందుగుండు నిల్వ చేశారు, ఫిరంగి గుండు తగిలి అది పేలింది. మిగిలిన శిల్పాలలో చాలా భాగాన్ని 19వ శతాబ్దపు మొదటి దశకంలో బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసి ఇంగ్లండుకు తరలించారు.

అదే రోజు మధ్యాహ్నం, ఎండ ముదిరే వేళకు, కొండ కింద 2009లో తెరిచిన ఆక్రోపోలిస్ మ్యూజియంలోకి వెళ్ళండి. దీనికి వేరే టికెట్టు కావాలి. పైన ఎరెక్‌థియోన్ గుడి వసారాను మోస్తున్న స్త్రీ మూర్తులు నకళ్ళని, అసలు ఆరుగురిలో ఐదుగురు ఇక్కడ, ఒకరు లండన్‌లో ఉన్నారని ఇక్కడికి వచ్చాక అర్థమవుతుంది. పై అంతస్తును సరిగ్గా పార్థినాన్ కొలతలతో, అదే దిక్కుకు తిప్పి కట్టారు. అద్దాల గోడలోంచి గుడి కనిపిస్తూ ఉంటుంది. అందులో అసలు ఫలకాలు తేనె రంగులో, లండన్‌లో ఉన్నవాటి అచ్చులు సున్నపు తెలుపులో పక్కపక్కనే అమర్చి ఉంటాయి. తెలుగువారికి ఈ గది మరో రకంగానూ తగులుతుంది. కృష్ణా తీరాన అమరావతి స్తూపం నుంచి వెళ్ళిన ఫలకాలు, ఈ పార్థినాన్ ఫలకాలు బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి.

రెండో రోజు ప్రాచీన అగోరాకు కేటాయించండి. సోక్రటీస్ నడిచి, వాదించిన బజారు ఇది. ఒక గ్రీకు గుడి పైకప్పుతో సహా ఎలా ఉండేదో తెలియాలంటే ఇక్కడి హెఫీస్టస్ గుడిని మించినది లేదు. మూడో రోజు సాయంత్రం సముద్రపు అంచున పొసైడన్ గుడి ఉన్న సూనియోన్‌కు వెళ్ళి రావచ్చు.

తిండి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. శాకాహారులు 'నిస్తీసిమా' అనే మాట గుర్తుపెట్టుకోండి. చర్చి ఉపవాస దినాలలో తినే మాంసం, పాలు లేని వంటలకు ఆ పేరు, అయితే రొయ్యలు, ఆక్టోపస్ వంటివి అందులో చెల్లుతాయి కాబట్టి అడిగి తెలుసుకోవాలి. బియ్యం కూరిన టమాటాలను గెమిస్తా అంటారు. ఫావా అనే పసుపు పప్పు మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం.

డెల్ఫీ

ఏథెన్స్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. ఒకే రోజులో వెళ్ళి వచ్చే యాత్రలు ఉన్నాయి కాని, ఒక రాత్రి ఉంటేనే తెల్లవారుజామున పార్నాసస్ కొండ మీద వెలుగు పడడం చూడగలరు, బస్సులు రాకముందే అపోలో గుడిని చేరగలరు. స్థలమంతా ఎగువకే, కాబట్టి గుడి, నాటకశాల దాటి పైన ఉన్న పరుగు మైదానం వరకు వెళ్ళి, నిదానంగా దిగుతూ చూడండి.

గుడి వేదికను మోస్తున్న గోడ దగ్గర కనీసం పది నిమిషాలు నిలవండి. ఒక రాయి వంపులోకి పక్క రాయి వంపు ఒదిగేలా, సున్నం లేకుండా పేర్చిన గోడ అది. దగ్గరికి వెళితే రాళ్ళ నిండా సన్నని అక్షరాలు కనిపిస్తాయి. దేవుడికి అమ్మినట్లు రాయించి బానిసలకు విముక్తి కలిగించిన పత్రాలు అవి, సుమారు 800 ఉన్నాయి. ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కాపలావారి ఈల వినిపిస్తుంది. గుడి ఎదుట మెలికలు తిరిగిన కంచు స్తంభం 2015లో నిలబెట్టిన నకలు. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర పర్షియన్లపై గ్రీకులు సాధించిన విజయానికి గుర్తుగా పోతపోసిన అసలుది ఇస్తాంబుల్‌లో ఉంది. మ్యూజియంలో కంచు రథసారథి విగ్రహాన్ని చివరన చూడండి. అతని కనురెప్పల వెంట్రుకలు కూడా చెక్కుచెదరలేదు.

ఒలింపియా

ప్రాచీన ఒలింపిక్ క్రీడలు జరిగిన చోటు ఇది. ఇక్కడ జ్యూస్ గుడి భూకంపానికి కూలింది. స్తంభాల చక్రాలు పడిన వరుసలోనే, తరిగిన కూరముక్కల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. 2004లో ఒక స్తంభాన్ని తిరిగి నిలబెట్టారు. దానిని చూశాక పడినవాటి ఎత్తు ఊహించుకోవచ్చు. పరుగు మైదానంలో మొదలు గీతగా పరిచిన రాళ్ళలో కాలివేళ్ళు ఆనించే రెండు గాళ్ళను చూడండి. పొడవు 192 మీటర్లు, పిల్లలతో వెళితే వాళ్ళను పరుగెత్తనివ్వండి. ఆ గుడి శిల్పాలు పక్కనే మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే పూటలో పూర్తవుతాయి.

నాఫ్‌ప్లియో నుంచి ఎపిడారస్, మైసీనీ

ఈ రెండూ నాఫ్‌ప్లియోకు ముప్పై కిలోమీటర్ల లోపే. ఎపిడారస్‌లో క్రీ.పూ. 4వ శతాబ్దపు నాటకశాల ఉంది. కింది 34 వరుసలు మొదట కట్టినవి, పైన 21 వరుసలు తరువాత చేర్చినవి. జనం తక్కువగా ఉన్నప్పుడు ఒకరు కింద వేదిక నడుమ మాట్లాడితే మిగిలినవారు పై వరుసలో కూర్చుని వినండి. నాగార్జునకొండ నుంచి అనుపుకు తరలించిన మెట్ల ప్రాంగణాన్ని చూసినవారికి ఈ పోలిక తప్పక తడుతుంది, అయితే అది చదరపు ఆకారంలో ఉంటుంది, ఇది విసనకర్రలా విచ్చుకుంటుంది.

కంచు యుగపు కోట అయిన మైసీనీకి ఉదయం తెరిచే వేళకే చేరండి, ఎందుకంటే నీడ బొత్తిగా లేదు. క్రీ.పూ. 1250 ప్రాంతపు సింహద్వారం దాటగానే కుడిచేతివైపు గుండ్రని ఆవరణ ఉంటుంది. చాలామంది దానిని ఒక చూపు చూసి పైకి వెళ్ళిపోతారు. ఖాళీ గుంతలే కదా అని వదిలేయకండి, వాటి లోతును, ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి. 1876లో జర్మన్ పురావస్తు తవ్వకందారు హైన్రిక్ ష్లీమన్ ఈ గుంతలలోనే బంగారు ముసుగులు కప్పిన మృతదేహాలను కనుగొన్నాడు. అక్కడి నుంచి కొంత దూరం దిగువకు నడిచి, ఆట్రియస్ ఖజానా అని పిలిచే తేనెపట్టు ఆకారపు సమాధిలోకి వెళ్ళి, ద్వారం పైనున్న దూలపు రాయిని తలెత్తి చూడండి. దాని బరువు సుమారు 120 టన్నులు. అదే టికెట్టు ఇక్కడ కూడా చెల్లుతుంది కాబట్టి పారేయకూడదు.

చివరి రోజు

ఏథెన్స్‌కు తిరిగి వచ్చాక జాతీయ పురావస్తు మ్యూజియానికి వెళ్ళండి. దీనిని మొదటి రోజే చూడమని చాలామంది చెబుతారు, నేను చివరకు ఉంచమంటాను. అలసట, ప్రయాణపు నిద్ర ఉన్న మొదటి రోజున ఇవి కేవలం అద్దాల వెనక వస్తువులు. లోపలికి వెళ్ళగానే ఎదురుగా ఉన్న మైసీనీ గదితో మొదలుపెట్టండి. ట్రోజన్ యుద్ధ కథలోని మైసీనీ రాజు అగమెమ్నాన్ ముసుగుగా పేరుపడిన బంగారు రేకు అక్కడే ఉంది. నిజానికి అది ట్రోజన్ యుద్ధానికి చెప్పుకునే కాలం కంటే మూడు వందల ఏళ్ళకు పైగా పాతది. దాని పక్కన చిన్న పిల్ల దేహానికి కప్పిన పలుచని బంగారు రేకులు కూడా ఉంటాయి, ముఖం మీద ఒకటి, చేతులకు, కాళ్ళకు మరికొన్ని. అవి మీరు రెండు రోజుల క్రితం ఎండలో నిలబడి చూసిన ఆ గుంతలలో ఒకదానిలోనివే.