రైట్ సైడ్ ఆడే గుంటలకి కుబా ఆటతో ప్రాక్టీస్ ఎలా చేయించాలి

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఫుట్‌బాల్ ఆడే మన గుంటలకి రైట్ సైడ్ ఇస్తే ఏటి చేస్తారు, లైన్ పట్టుకుని కార్నర్ జెండా దాకా పరిగెట్టేసి బాల్ బయటికి పోగొట్టేస్తారు. ఆళ్లకి పోలండ్ మాజీ మిడ్‌ఫీల్డర్ యాకుబ్ బ్వాష్చికోవ్‌స్కీ ఆట చూపించండి, అందరూ కుబా అంటారు.

ముందు 2012 యూరోలో, అంటే యూరప్ దేశాల కప్పులో, రష్యా మీద వార్సాలో కొట్టిన గోల్ పెట్టండి, స్పీడ్ తగ్గించి మరీ. కుడి నుంచి వస్తూ బాల్‌ని లోపలికి కోసుకుని ఎడమ కాలితో దూరం పోస్ట్ వైపు లాగి కొడతాడు, స్కోర్ 1-1 అయిపోద్ది. ఇప్పుడు బాక్స్ మూల దగ్గర బ్యాగ్ ఒకటి పెట్టి అదే డిఫెండర్ అనుకోమనండి, బయటికి పోతున్నట్టు భుజం వంచి, ఒక్క టచ్‌తో లోపలికి, వెంటనే ఎడమ కాలితో షాట్. ఎడమ కాలు రాదంటారు, వదలొద్దు, మెల్లగానైనా దాంతోనే కొట్టించండి.

తర్వాత కుబా ఆడిన జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ మ్యాచ్‌లు, 2011, 2012లో జర్మనీ లీగ్ బుండెస్‌లిగా గెలిచిన టీమ్ అది. వెనక నుంచి రైట్ బ్యాక్ పిష్చెక్ పైకొస్తే కుబా లోపలికి జరిగి దారిస్తాడు, బాల్ పోతే మళ్లీ వెనక్కి పరిగెడతాడు, నాకైతే గోల్ కంటే ఇదే గొప్ప. ఇద్దరిద్దర్ని జోడీ కట్టించి ఇది చేయించండి, ఒకడు పైకెళ్తే రెండోవాడు కవర్.

2016 యూరో క్వార్టర్స్‌లో పోర్చుగల్ మీద మిస్సయిన పెనాల్టీ కూడా దాచకుండా చూపించండి, 2019లో అప్పుల్లో ఉన్న తన పాత క్లబ్ విస్వా క్రాకోవ్‌కి డబ్బు అప్పిచ్చి మరీ తిరిగొచ్చి ఆడాడని కూడా చెప్పండి, పిల్లలు అది బాగా వింటారు.