గెలిచిన మ్యాచ్‌ని రివ్యూ చేయడం ఎలా? ఫుటీ అభిమానుల కోసం

ఫుటీ అంటే ఆస్ట్రేలియాలో ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, దాని పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్. టీమ్ గెలిచిన రాత్రి అందరం రాసేది ఒకటే: కేక, మనోళ్లు ఇరగదీశారు, ఈసారి కప్పు మనదే. రాయండి, తప్పేం లేదు, ఆ రాత్రి ఉన్నదే అందుకు. కానీ మర్నాడు పొద్దున తోటి అభిమానులతో మ్యాచ్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ మాటలతో పని జరగదు. ఓడిన మ్యాచ్‌ని ఎలాగూ బంతి బంతికీ తవ్వి తీస్తాం, గెలిచినదాన్ని మాత్రం గెలిచాం కదా అని వదిలేస్తాం. నా లెక్కలో గెలిచిన మ్యాచ్‌నే ఎక్కువసేపు చూడాలి, ఎందుకంటే ఆ గెలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిస్తేనే వచ్చే వారం మళ్లీ వస్తుందా రాదా అన్నది చెప్పగలం.

నేను కాలింగ్‌వుడ్ క్లబ్ మనిషిని, కాబట్టి నా ఉదాహరణలు ఎక్కువగా 2023 సెప్టెంబర్‌వే. ఆ ఫైనల్స్‌లో మావాళ్లు మెల్‌బోర్న్ డీమన్స్ మీద 7 పాయింట్లతో, జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) మీద 1 పాయింటుతో, గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ లయన్స్ మీద 4 పాయింట్లతో గెలిచారు. మూడూ కలిపి 12 పాయింట్లు, అంటే రెండు గోల్స్. మూడూ ఎంసీజీలోనే (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్), మూడూ చివరి నిమిషం దాకా టెన్షనే. పైనుంచి చూస్తే ఒకే రకం గెలుపులు, లోపలికెళ్లి చూస్తే దేని కథ దానిదే.

ముందు స్కోరు మొత్తం చదవండి, చివరి అంకె ఒక్కటే కాదు. మెల్‌బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు పిల్లల్ని ఆస్‌కిక్‌లో (పిల్లలకి ఫుటీ నేర్పే ప్రోగ్రామ్) చేర్పించాక ఆట మీద ఇష్టం పుట్టిన మనవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకోసం చెప్తున్నా: గోల్‌కి 6, మధ్య రెండు స్తంభాలు తప్పి పక్క స్తంభం లోపలినుంచి పోయే బిహైండ్‌కి 1. గ్రాండ్ ఫైనల్లో కాలింగ్‌వుడ్ 12.18, అంటే 12 గోల్స్, 18 బిహైండ్స్, మొత్తం 90. బ్రిస్బేన్ 13.8, మొత్తం 86. అంటే గోల్స్ ఎక్కువ కొట్టింది ఓడినవాళ్లే! ఆ రాత్రి చాలామంది దీన్ని పట్టుకుని అదృష్టం అన్నారు. కానీ గోల్స్, బిహైండ్స్ కలిపి ఎన్నిసార్లు స్కోరు వచ్చిందో చూడండి, మాకు 30, వాళ్లకి 21. అవకాశాలు ఎక్కువ సృష్టించుకున్నది మావాళ్లు, వాటిలో పద్దెనిమిదింటిని ఒక్కో పాయింటుతో సరిపెట్టుకున్నదీ మావాళ్లే. కాబట్టి రివ్యూలో రాయాల్సింది "అదృష్టంతో గెలిచాం" అని కాదు, "హాయిగా గెలవాల్సింది కిక్కింగ్ వల్ల చివరిదాకా తెచ్చుకున్నాం" అని. ఒక జాగ్రత్త: బిహైండ్స్ అన్నీ మనం మిస్సయిన షాట్లు కావు, ప్రెజర్‌లో డిఫెండరే బంతిని గీత దాటించేసినవీ వాటిలో ఉంటాయి, రీప్లేలో అవి వేరుచేసి చూడాలి.

ఇప్పుడు మెల్‌బోర్న్ మీద గెలిచిన మ్యాచ్ తీసుకోండి. మేం 9.6 కొట్టి 60, వాళ్లు 7.11 కొట్టి 53. తేడా 7 పాయింట్లు, గ్రాండ్ ఫైనల్ కంటే పెద్ద గెలుపే. కానీ ఇన్‌సైడ్ ఫిఫ్టీలు చూస్తే కళ్లు తిరుగుతాయి, వాళ్లవి 69, మావి 37. గోల్‌కి 50 మీటర్ల గీత లోపలికి బంతిని దాదాపు రెట్టింపుసార్లు పంపిన టీమ్ ఓడిపోయింది. ఇక్కడ మిడ్‌ఫీల్డ్‌ని పొగుడుతూ పేరాలు రాస్తే అది రివ్యూ కాదు, భజన. ఆ గెలుపు పూర్తిగా వెనక ఉన్న డిఫెండర్లది, డార్సీ మూర్ నడిపించిన ఆ లైన్‌ది, ఆపైన మెల్‌బోర్న్ ఫార్వర్డ్‌లు వదిలేసిన అవకాశాలది. రెండో కారణం మన చేతిలో లేదు. వచ్చే వారం ఎదుటి టీమ్ కూడా అలా వదిలేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు కదా, అదే మీ రివ్యూలో గట్టిగా రాయాలి. జీడబ్ల్యూఎస్ మ్యాచ్ 8.10కి 8.9, దాని గురించి ఎక్కువ సాగదీయక్కర్లేదు, అది సరిసమానంగా ఆడిన మ్యాచ్, అంతే.

అంకెలు చూశాక రీప్లే. మొత్తం మ్యాచ్ కూర్చుని చూసే ఓపిక ఉంటే మంచిదే, లేకపోతే సెంటర్ బౌన్స్‌లు చూడండి, అంటే మైదానం మధ్యలో అంపైర్ బంతిని నేలకి కొట్టి (2026 నుంచి గాల్లోకి విసిరి) ఆట మొదలుపెట్టేవి. గోల్ పడ్డ ప్రతిసారీ బంతి మళ్లీ మధ్యలోకే వస్తుంది, 2019 నుంచి 6-6-6 నిబంధన (మైదానం మూడు భాగాల్లోనూ టీమ్‌కి ఆరుగురేసి ఉండాలి) ఉంది కాబట్టి ఆ క్షణంలో ఎవరెక్కడ నిలబడ్డారో స్పష్టంగా కనిపిస్తుంది, అదనంగా ఒకణ్ని వెనక దాచడం కుదరదు. ముఖ్యంగా ఎదుటివాళ్లు గోల్ కొట్టిన వెంటనే వచ్చే బౌన్స్. గ్రాండ్ ఫైనల్ చివరి క్వార్టర్‌లో చార్లీ కామెరాన్ గోల్‌తో బ్రిస్బేన్ ముందుకెళ్లింది. ఒక లక్షా 24 మంది ఉన్న స్టేడియం, ఎండకి అలిసిపోయిన కాళ్లు, టైమ్ అయిపోతోంది. ఆ బౌన్స్ దగ్గర మావాళ్లు బంతి గెలిచారు, జోర్డన్ డి గోయీ గోల్ కొట్టేశాడు. తర్వాత స్టీల్ సైడ్‌బాటమ్ దూరం నుంచి ఇంకొకటి. ఆ భాగం ఒకసారి ఎమోషన్‌తో చూడండి, ఇంకోసారి ఆపి ఆపి చూడండి: రక్‌మన్ (బౌన్స్ దగ్గర బంతికి ఎగిరే పొడగరి) బంతిని ఎటు తట్టాడు, దాన్ని మొదట అందుకున్నది ఎవరు, అతని ముందున్న ఎదుటి ఆటగాణ్ని అడ్డుకుని దారి ఇచ్చింది ఎవరు. ఆ మూడోవాడి పేరు రివ్యూలో రాయండి, ఇంకెవరూ రాయరు.

అలాగే బ్రిస్బేన్ ఆటగాడు జో డానిహర్ గోల్‌తో తేడా మళ్లీ 4కి పడిపోయాక సైరన్ దాకా ఏం జరిగిందో విడిగా చూడాలి. ఆధిక్యంలో ఉన్న టీమ్ చివరి నిమిషంలో ఏం చేస్తుందన్నది కోచింగ్‌లో పెద్ద విషయం. బంతిని బౌండరీ వైపు నెడుతున్నారా, ఆట ఆగే స్టాపేజ్‌లు తెచ్చుకుంటున్నారా, మార్క్ పట్టి (కిక్ చేసిన బంతిని నేల తాకకముందే పట్టుకుని) టైమ్ తినేస్తున్నారా, లేక కంగారులో గుడ్డిగా ముందుకి కొట్టేస్తున్నారా? మీ టీమ్ గెలిచినా సరే, ఇది నాలుగో రకం అయితే ఉన్నదున్నట్టు రాసేయండి.

ఆటగాళ్ల గురించి రాసేటప్పుడు మాత్రం చాలామంది డిస్పోజల్స్ (కిక్‌లు, హ్యాండ్‌బాల్‌ల మొత్తం) లిస్టు తెరిచి పైనుంచి ఐదుగురిని ఎత్తి రాసేస్తారు. క్రికెట్ అలవాటు అది. అక్కడ స్కోర్‌కార్డు చూస్తే ఇన్నింగ్స్ కథ చాలావరకు తెలిసిపోతుంది, ఇక్కడ తెలియదు. బిల్లీ ఫ్రాంప్టన్‌ని చూడండి. ప్రిలిమినరీ ఫైనల్లో, అంటే ఆ జీడబ్ల్యూఎస్ మ్యాచ్‌లో, డాన్ మెక్‌స్టే గాయపడితే గ్రాండ్ ఫైనల్‌కి అతన్ని తీసుకున్నారు. అప్పటి బ్రిస్బేన్ కెప్టెన్లలో ఒకడైన హారిస్ ఆండ్రూస్ గాల్లో వచ్చే బంతులన్నీ ఇంటర్‌సెప్ట్ చేసే మనిషి, అతన్ని ఆ పని చేయనివ్వకపోవడమే ఫ్రాంప్టన్ డ్యూటీ. ఫార్వర్డ్‌గా ఆడి కూడా స్టాట్స్‌లో పెద్దగా కనిపించడు. కానీ బంతి మా ఫార్వర్డ్ లైన్‌లో పడ్డ ప్రతిసారీ ఆండ్రూస్ పక్కనే ఒక శరీరం ఉంది, ఎగరడానికి చోటు లేదు, దాంతో బాబీ హిల్ లాంటి చిన్న ఫార్వర్డ్‌లకి ఖాళీ దొరికింది. హిల్ నాలుగు గోల్స్, బ్రిస్బేన్ డిఫెండర్ స్టార్సెవిచ్ మీదుగా ఎగిరి పట్టిన ఆ మార్క్, గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్. 2022లో క్యాన్సర్ చికిత్స చేయించుకుని వచ్చిన కుర్రాడు. అతని గురించి ఎంత రాసినా తక్కువే, కానీ పక్కన ఫ్రాంప్టన్‌కి రెండు లైన్లు లేకపోతే మీ రివ్యూ సగమే.

మ్యాచ్‌లో మేటి ఆటగాళ్లకి ఓట్లు మీరే వేసుకోండి, సీజన్ ఉత్తమ ఆటగాడి మెడల్ అయిన బ్రౌన్‌లోకి అంపైర్లు వేసినట్టు 3-2-1, లేదా కోచ్‌లు వేసినట్టు 5-4-3-2-1. వేరేవాళ్లవి చూడకముందే మీవి రాసిపెట్టుకోండి, పక్కన ఒక్కో కారణం కూడా. ఎదుటి టీమ్ ఆటగాడు అర్హుడైతే అతనికీ వేయండి.

మామూలు సీజన్ మ్యాచ్ అయితే పర్సంటేజ్ (సీజన్లో మనం కొట్టిన పాయింట్లని ఇచ్చిన పాయింట్లతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేది) కూడా చూడాలి. గెలుపుకి 4 పాయింట్లు ఎలాగూ వస్తాయి, కానీ పాయింట్లు సమానమైతే ల్యాడర్‌లో (పాయింట్ల పట్టికలో) ఎవరు పైన అన్నది పర్సంటేజ్ తేలుస్తుంది. 2022లో కార్ల్టన్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ చెరి 12 మ్యాచ్‌లు గెలిచాయి, పర్సంటేజ్‌లో ఒక శాతం కూడా తేడా లేదు, అప్పట్లో ఫైనల్స్‌కి చివరి చోటైన ఎనిమిదో స్థానం బుల్‌డాగ్స్‌కి పోయింది. అందుకే 60 పాయింట్ల ఆధిక్యం వచ్చాక చివరి క్వార్టర్‌లో టీమ్ చేతులెత్తేసి నాలుగు గోల్స్ ఇచ్చేస్తే, అది కూడా రివ్యూలో పడాలి. "గెలిచాం కదా, వదిలెయ్ అన్నా" అనేవాళ్లుంటారు. వదలొద్దు.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మనం గెలిచిన మ్యాచ్‌లో ఎదుటివాడికి దెబ్బ తగిలితే దాన్ని పక్కకి నెట్టకండి. ఆ మెల్‌బోర్న్ మ్యాచ్‌లో మా బ్రేడెన్ మేనార్డ్ కిక్‌ని ఆపబోయి గాల్లోకి ఎగిరి మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా మీద పడ్డాడు, బ్రేషా స్పృహ తప్పాడు. ట్రైబ్యునల్ మేనార్డ్‌ది తప్పు కాదంది, మేం ఊపిరి పీల్చుకున్నాం. 2024 ఫిబ్రవరిలో బ్రేషా ఆటకి గుడ్‌బై చెప్పాడు, వైద్యులు ఇక ఆడొద్దన్నారు. గ్రాండ్ ఫైనల్లో తలకి దెబ్బ తగిలి బయటికొచ్చిన మా నేథన్ మర్ఫీ కూడా అదే ఏడాది ఆట మానేశాడు. మేనార్డ్ ఉద్దేశం మంచిదేనని నేను నమ్ముతాను, అయినా ఆ గెలుపు గురించి రాసిన ప్రతిసారీ బ్రేషా పేరు రాస్తాను. మీ టీమ్ విషయంలో కూడా అలాగే చేయండి, ముందు మనిషి, తర్వాతే తీర్పు సరైనదా కాదా అన్న వాదన.

చివర్లో వచ్చే వారం టీమ్ మార్చాలా వద్దా అన్నది రాయండి. గెలిచిన టీమ్‌ని కదపొద్దంటారు, నేను ఒప్పుకోను. మెల్‌బోర్న్ మ్యాచ్‌లాగా గెలిస్తే మార్పు గురించి ఆలోచించాల్సిందే, ఆ గ్రాండ్ ఫైనల్‌లాగా గెలిస్తే కుర్రాళ్లని గోల్ కిక్కింగ్ ప్రాక్టీస్‌కి పంపిస్తే చాలు. ఎవరు బయటికి, ఎవరు లోపలికి, ఎందుకు అన్నది పేర్లతో సహా రాసిపెట్టుకుని, మామూలుగా గురువారం సాయంత్రం టీమ్ లిస్టు వస్తుంది కదా, అప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోండి.